గవ్వలపాళెం సంయమన భృతి

"దేశంలోనే మొట్టమొదటిసారిగా," అని మా ఎమ్మెల్యే కామాక్షయ్య గారు మైకులో మొదలుపెట్టారు. ఆయన ఏది చేసినా దేశంలోనే మొట్టమొదటిసారిగానే చేస్తారు. గవ్వలపాళెం బస్ షెల్టరుకు సున్నం వేయించినప్పుడు కూడా ఆ మాటే అన్నారు.

"చేపలు గుడ్లు పెట్టుకోవడానికి ఏటా ఏప్రిల్ పదిహేను నుంచి అరవై ఒక్క రోజులు సముద్రంలో వేట ఆపుతున్నాం. చేపకిచ్చే గౌరవం మన ఆడపడుచుకు ఇవ్వొద్దా? అందుకని ఈ రోజు నుంచి ఆ అరవై ఒక్క రోజులూ ఈ ఊళ్లో మగవాడెవడూ పెళ్లాం మీద చెయ్యి చేసుకోకూడదు!"

చప్పట్లు మోగాయి. ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మగవాళ్లు తమ చేతుల వైపు చూసుకున్నారు.

నేను గవ్వలపాళెం సెంటర్లో మందుల షాపు నడుపుతాను. అందరూ శెట్టన్న అంటారు. సరుకు కదిలిందా, మిగిలిందా అన్నదే నేను లోకాన్ని చూసే పద్ధతి. మా ఊరి ఆడవాళ్లు నొప్పుల స్ప్రే, కట్టుగుడ్డ, నిద్రమాత్రలు బాగా కొంటారు. ఏమైందమ్మా అంటే, మెట్టు జారి పడినానన్నా అంటారు. ఊరు మొత్తం మీద మెట్లున్నది రాములవారి గుడికొక్కదానికే. అయినా నేను ఎదురు ప్రశ్న వేసే రకం కాదు. ప్రశ్నలడిగే షాపుకు గిరాకీ నిలవదు.

ప్రశ్నలడగడానికి యూనివర్సిటీ నుంచి ప్రత్యూష అనే అమ్మాయి వచ్చింది. సోషల్ వర్క్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. భర్తల చేతిలో దెబ్బలు తిని నిలబడ్డ స్త్రీల ఆరోగ్యం ఎలా ఉంది అన్నది ఆమె టాపిక్. ఎండల్లో ఇల్లిల్లూ తిరిగి తలనొప్పులు, పట్టని నిద్రలు, పోయిన కడుపులు, వినపడని చెవులు అన్నీ రాసుకుంది. ఆ సంగతి ఒక పేపరు జిల్లా పేజీలో "గవ్వలపాళెం ఫస్ట్" అన్న హెడ్డింగుతో పడింది. ఫస్ట్ అన్న మాట చూసి ఎమ్మెల్యే గారు చాలా సంతోషించారట. మిగతాది తర్వాత చదివించుకున్నారు. ఈ నిషేధం అలా పుట్టింది.

ప్రభుత్వం మాట ఎలా ఉన్నా, మా తీరంలో చెల్లేది దురాయి. ఊరిపెద్ద పదిమందిలో వేసే కట్టుబాటు అది. దాటినవాడు పదిమందిలో తప్పు కింద డబ్బు కట్టాలి. కట్టకపోతే వాడి పడవ నీళ్లలో దిగదు. ఊరిపెద్ద పోలేరయ్య లేచి అక్కడికక్కడే దురాయి వేశాడు. వేసి, గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, వేట ఆపినందుకు మాకు గవర్నమెంటు భృతి ఇస్తా ఉండాది. మరి దీనికి?"

"దేనికి?"

"చెయ్యి ఆపినందుకు సార్. అలవాటైన పని. ఉన్నట్టుండి మానమంటే మగోడికి కష్టం గాదా?"

ఎమ్మెల్యే గారు ఒక్క క్షణం ఆలోచించారు. ఎదురుగా ఊరి ఓట్లన్నీ కుర్చీల్లో కూర్చుని ఉన్నాయి.

"ఇస్తాం!" అన్నారు. "సంయమన భృతి!"

ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. ఎక్కువగా మగవాళ్ల వైపు నుంచి.

అమలు కమిటీ చైర్మన్‌గా పెంచల్‌ను వేశారు. పెంచల్ మా ఊళ్లో పార్టీ అధ్యక్షుడు. సొంత ఫైబర్ పడవ ఉన్నవాడు. ఎమ్మెల్యే గారి కారు ఆగకముందే తలుపు పట్టుకోగలిగినవాడు. రూల్స్ సులభంగానే పెట్టారు. భృతి కావాలంటే మొగుడు అంతకుముందు కొట్టేవాడై ఉండాలి. కొట్టేవాడని భార్య వచ్చి చెప్పాలి. చెప్పిన భార్యకు ఆరోగ్య కార్డు ఇస్తారు, అది చూపిస్తే నెల్లూరులో వైద్యం ఫ్రీ. భృతి మగవాళ్లు అడిగి పెట్టించుకున్నది. కార్డు ప్రత్యూష బతిమాలి పెట్టించుకున్నది. రెంటి మీదా చైర్మన్ సంతకం ఉండాలి.

మర్నాడు స్కూలు వరండాలో క్యూ కట్టారు. పేర్లు రాసే పని ప్రత్యూషకు అప్పగించారు. మా ఊళ్లో ఇంతమంది వీరులున్నారని నాకూ తెలియదు. హజరత్తయ్య కూడా వచ్చి నిలబడ్డాడు. ఆయన దోమను చంపాలన్నా భార్య పేరమ్మను అడిగి చంపుతాడు.

"రాసుకో తల్లా, నేను గూడా కొడతా," అన్నాడు ప్రత్యూషతో.

పేరమ్మ నెత్తిమీది బుట్ట దించింది. "ఎవుర్ని?"

"నిన్నే మే."

"ఎప్పుడు కొట్టినావు?"

"ఏదో వొకప్పుడు కొట్టుంటాలే. గుర్తు తెచ్చుకో."

"ఈ మనిషా నన్ను కొట్టేది! ఊళ్లో నా పరువేం గావాల?"

"భృతి ఇస్తారంట."

పేరమ్మ ఆలోచనలో పడింది. మొగుణ్ణి పైనుంచి కిందికి ఒకసారి చూసింది.

"రాయి తల్లా. కొడతాడు. బో కొడతాడు."

"దెబ్బ ఎక్కడ తగిలిందండీ?" అంది ప్రత్యూష.

"చెవి మీద. చెవుడని రాసుకో. పక్కన పిడుగు పడినా ఇనపడదు."

క్యూ చివర ఎవడో నవ్వు ఆపుకుంటూ ఏదో గొణిగాడు.

"ఎవుడ్రా ఆడ?" అంది పేరమ్మ గిర్రున తిరిగి.

ప్రత్యూష తల వంచుకుని చెవుడు అని రాసింది. వెనకున్న ఆడవాళ్లకు ఆ జబ్బు నచ్చింది. కట్టు కట్టించుకునే పనిలేదు, ఎక్స్‌రే తీసేవాడు లేడు. దాదాపు అందరూ చెవుడే రాయించుకున్నారు. పెంచల్ ఎవరినీ ఒక్క మాట అడగకుండా సంతకాలు పెడుతూ పోయాడు. లబ్ధిదారులు పెరిగితే పథకం పెరుగుతుంది, పథకం పెరిగితే చైర్మన్ పెరుగుతాడు. అతనిలో నాకు నచ్చేది ఈ తెలివే.

నిజంగా చెవి పోయిన మనిషి క్యూ అంతా అయిపోయాక వచ్చింది. ఆమె స్వర్ణ, పెంచల్ భార్య. ఎడమ చెవి. లోపల పొర చిరిగిందనీ, ఆపరేషన్ చేస్తే వినపడుతుందనీ, ఊరుకుంటే చీము లోపలికి పాకి ప్రాణం మీదికి వస్తుందనీ డాక్టరమ్మ చెప్పింది. ఆ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది ప్రత్యూషే. కార్డు కోసం ఎమ్మెల్యే గారి చుట్టూ తిరిగింది కూడా ముందు ఈమె కోసమే.

"నా పేరు రాయమ్మా," అంది స్వర్ణ.

ప్రత్యూష పెన్ను తీసింది. పక్కనున్న పెంచల్ ఆమె ముందున్న కాగితం మీద చెయ్యి పెట్టాడు.

"ఆ పేరు రాయబాక."

"మీ ఆవిడే కదండీ?"

"అందుకే రాయబాకంటా ఉండా. చైర్మన్ ఇంట్లోనే హింస ఉండాదంటే స్కీముకు ఎంత అప్రతిష్ట? పార్టీకి ఎంత డ్యామేజీ?"

"భృతి మనకొద్దు," అంది స్వర్ణ. "కార్డొకటి ఇప్పించు. చీము కారతా ఉండాది."

"కార్డు ఇయ్యాలంటే నేను కొట్టినానని నేనే సంతకం పెట్టాల. కొట్టనోణ్ణి ఎట్టా పెట్టేది?"

"నువ్వు కొట్టలా?"

"రికార్డులో చూపీ!"

రికార్డులో లేదు. నిజాయితీ అంటే ఏమిటో ఆ రోజు కళ్లారా చూశాను. భృతి వస్తుందని తెలిసి కూడా ఒక మనిషి దాన్ని వదులుకున్నాడు. స్వర్ణ తిన్నగా నా షాపుకు వచ్చి చెవిలో పెట్టుకోను దూది కొనుక్కుని వెళ్లింది. మెట్టు జారినానని కూడా అనలేదు.

నిషేధం గొప్పగా నడిచింది. తప్పు కడితే కట్టొచ్చు గానీ పడవ ఆగితే బతుకేముంది? మగవాళ్లు వేట లేక, చెయ్యి ఆడక, ఇసుకలో కూర్చుని వలలు బాగుచేసుకున్నారు. చేతులు పీకుతున్నాయని ఇద్దరు ముగ్గురు నా దగ్గర స్ప్రే కొట్టించుకున్నారు కూడా. ఆడవాళ్ల అమ్మకాలు మాత్రం పడిపోయాయి. నిద్రమాత్రలు షెల్ఫుల్లోనే ఉండిపోయాయి. ప్రత్యూష మళ్లీ ఇల్లిల్లూ తిరిగి బీపీలు చూసింది. తలనొప్పులు తగ్గాయి, ఆకలి పుడుతోంది, రాత్రిళ్లు ఒళ్లు తెలియకుండా నిద్రపోతున్నారు అని తేలింది. వారం తిరక్కముందే బస్ షెల్టరు మీద ఫ్లెక్సీ లేచింది. "కామాక్షన్న పాలన, కంటినిండా నిద్ర." పైన ఎమ్మెల్యే గారు దండం పెడుతున్నారు. కింద ఎవరో ఒకావిడ నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

జూన్ వచ్చింది. నిషేధం ముగిసే ముందు ఐసు ఫ్యాక్టరీవాడు ఐసు సిద్ధం చేసుకుంటాడు. బంకువాడు డీజిల్ తెప్పించుకుంటాడు. నేనూ నొప్పుల స్ప్రేకి, కట్టుగుడ్డకి ఆర్డరు పెట్టాను. సీజను తెలియనివాడు వ్యాపారం చేయకూడదు.

జూన్ పద్నాలుగు సాయంత్రం ముగింపు సభ. పెంచల్‌కు శాలువా కప్పి "ఆదర్శ భర్త" షీల్డు ఇచ్చారు. పక్కన స్వర్ణను కూర్చోబెట్టారు.

"అమ్మా స్వర్ణా," అన్నారు ఎమ్మెల్యే గారు, మైకు ఆమె ముందుకు జరుపుతూ. "మీ అన్నను నేను. ఏం కావాలో అడుగు."

స్వర్ణ లేచి నిలబడింది. "రేపటి నుంచి గూడా ఆ నిషేధం తియ్యబాకండి సార్. నా చెవికి కార్డు ఇప్పించండి. అంతే."

ఎమ్మెల్యే గారు ఆప్యాయంగా నవ్వారు. "ఏడాది పొడుగునా పెడితే నిషేధానికి విలువేముంటుందమ్మా? వచ్చే ఏప్రిల్లో మళ్లీ పెట్టుకుందాం. ఇక కార్డంటావా, అది దెబ్బలు తిన్నవాళ్లకు. ఆదర్శ భర్త భార్యకు ఆ కార్డు ఇస్తే నిన్ను నేనే అవమానించినట్టు కాదూ?"

పెంచల్ కూడా నవ్వుతూనే లేచాడు. శాలువా సర్దుకుని స్వర్ణ చెవి దగ్గరికి వంగి ఏదో అన్నాడు. వంగింది ఎడమ వైపు. ఏ చెవి పోగొట్టాడో అతనికి గుర్తులేదు. మైకు మాత్రం ఆ వైపే ఉంది.

"ఈ పూటతో నిషేధం అయిపోతాది. ఇంటికి రా, రెండో చెవి సంగతి గూడా చూస్తా."

ఊరంతా విన్నది, స్వర్ణ తప్ప.

"ఏందీ?" అంది ఆమె.

అనుభవజ్ఞుడంటే ఎవరో అలాంటప్పుడే తెలుస్తుంది. కామాక్షయ్య గారు మైకు లాక్కున్నారు.

"విన్నారా! అంత కోపం గుండెల్లో పెట్టుకుని కూడా ఈ యువకుడు గడువు పూర్తయ్యేదాకా ఆగాడు! సంయమనం అంటే ఇది! మనం సత్కరించింది దీన్ని!"

చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. ఎమ్మెల్యే చూస్తుండగా చేతులు కట్టుకుని కూర్చుంటే షాపు లైసెన్సుకు మంచిది కాదు. పేరమ్మ మాత్రం స్టేజీ ఎక్కి స్వర్ణ కుడి చెవిలో చాలాసేపు ఏదో చెప్పింది. ఆ పూట స్వర్ణ పేరమ్మ ఇంట్లో పడుకుంది.

తెల్లవారేసరికి పడవలు వెళ్లడం, తిరిగి రావడం కూడా అయింది. సముద్రం రెండు నెలలు విశ్రాంతి తీసుకుంది గదా, పెంచల్ వల బరువుకు పడవ అంచులు మునుగుతున్నాయి. వంజరం, చందువ, పెద్ద రొయ్య. మా తీరంలో పడవ ఇసుకను తాకితే మగవాడి పని అయిపోయినట్టే. చేపలు ఏరడం, బుట్టకెత్తడం, బేరం చేయడం ఆడవాళ్లది. మగవాడు బుట్ట ముట్టడు. ముడితే ఊళ్లో ఆరు నెలలు నవ్వుకుంటారు.

"స్వర్ణా! బుట్ట పట్టు!" అని అరిచాడు పెంచల్.

స్వర్ణ బుట్ట బోర్లించి దానిమీద కూర్చుని ఉంది. వేలు చెవి మీద పెట్టుకుంది.

"ఇనపళ్ళా."

"పేరమ్మక్కా, నువ్వన్నా రా! ఎండెక్కతా ఉండాది!"

పేరమ్మ కూడా చెవి దగ్గర చెయ్యి పెట్టింది. "ఏందబ్బయ్యా? ఇనపళ్ళా."

"నీకు చెవుడేంది, అర కిలోమీటరు అవతల చాడీ చెప్పుకున్నా ఇంటావే!"

పేరమ్మ కొంగు ముడి విప్పి కార్డు తీసింది. "చెవుడని రాసి సంతకం పెట్టింది నువ్వే గదరా. గవర్నమెంటు మాట అబద్ధమా?"

పెంచల్ మిగతా ఆడవాళ్ల వైపు తిరిగాడు. కొంగు ముళ్లు ఒకటొకటే విడివడ్డాయి. ప్రతి కార్డు మీదా చైర్మన్ సంతకం చక్కగా కనబడుతోంది. పక్క పడవల చేపలు మాత్రం బుట్టలకెక్కాయి. ఆ మగవాళ్లు ఎంత మెల్లగా పిలిచినా వినపడింది.

"పెద్దయ్యా, ఈ ఆడోళ్ల మీద దురాయి వెయ్యి!" అని పెంచల్ పోలేరయ్య కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

పోలేరయ్య తన భార్య వైపు చూశాడు. ఆమె నెత్తిన బుట్ట పెట్టుకుని ఈయన్నే చూస్తోంది.

"నాక్కూడా సరిగ్గా ఇనపడ్డంలా అబ్బయ్యా," అన్నాడు పోలేరయ్య. "గాలి."

పెంచల్ చేపలు కాకులు తిన్నాయి. రెండో రోజు కుక్కలు తిన్నాయి. మూడో రోజు పెంచల్ పడవ తియ్యలేదు, ఎమ్మెల్యే గారిని కలవడానికి నెల్లూరు పోయాడు.

వారం లోపలే బస్ షెల్టరు దగ్గర మళ్లీ సభ జరిగింది.

"దేశంలోనే మొట్టమొదటిసారిగా," అన్నారు కామాక్షయ్య గారు, "తీరప్రాంత మహిళల చెవుడుకు కారణం ఉప్పుగాలి అని మా ప్రభుత్వం గుర్తించింది! దీని మీద సమగ్ర పరిశోధన జరిపిస్తాం. ఊళ్లో ప్రతి ఆడపడుచుకూ ఎవరి సంతకంతోనూ పనిలేకుండా చెవి వైద్యానికి కార్డు ఇస్తాం. ఉప్పుగాలి నివారణ కమిటీ చైర్మన్ మన పెంచల్!"

పెంచల్ అదే శాలువాతో లేచి దండం పెట్టాడు.

పరిశోధన మళ్లీ ప్రత్యూషకే అప్పగించారు. స్కూలు వరండాలో క్యూ కట్టారు. ఈసారి స్వర్ణ ముందు నిలబడింది. ప్రత్యూష పేరు రాసింది. ఎడమ చెవి అని రాసింది. కారణం దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగిపోయింది. తలెత్తి స్వర్ణ మొహంలోకి చూసింది.

"ఉప్పుగాలే రాయి తల్లా," అంది స్వర్ణ. "తొందరగా రాయి. నెల్లూరు బస్సు వచ్చే టైమయింది."

నిషేధం పోయినా నొప్పుల స్ప్రే అడిగినవాళ్లు లేరు. నేను ఆ పెట్టెలు విప్పకుండానే రిటర్న్ పంపించి, చెవుల్లో పెట్టుకునే దూదికి ఆర్డరు పెట్టాను. ఉప్పుగాలి ఏ రోజు ఏ మొగుడి పడవ మీదికి తిరుగుతుందో ఎవరు చెప్పగలరు?