గురువారమే వచ్చిన ఆదివారం

సోమవారం పొద్దున్న ఏడున్నరకి సూర్యనారాయణ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ద్వారక సెక్టారు గేటు దగ్గరికి చార్టర్డ్ బస్సు వచ్చేలోపు క్లబ్బు పత్రిక రాసెయ్యాలి. దారిలో మునిర్కాలో దిగి ప్రెస్సులో ఇవ్వాలి. పదింటికి ఆఫీసులో కుర్చీకి కోటు తగిలించాలి. అంతే.

క్లబ్బంటే మట్టి బిళ్ళలు కాల్చే క్లబ్బు. ఫరీదాబాదు అవతల రాళ్ళగుట్టల మధ్య ఉంది. గుంటలో ఉన్న యంత్రం సాసరంత మట్టి బిళ్ళని గాల్లోకి విసురుతుంది. అది కిందపడేలోపు తుపాకీతో పగలగొట్టాలి. ఇరవై అయిదు బిళ్ళలు, ఇరవై అయిదు తూటాలు. అదీ ఆట. ఆ ఏడాది ఒలింపిక్స్‌లో ఈ ఆటకి మన దేశానికి వెండి పతకం వచ్చింది. దాంతో ఢిల్లీలో బొజ్జ పెరిగిన ప్రతి ఆఫీసరుకీ తనలో కూడా ఒక షూటరున్నాడేమోనని అనుమానం పుట్టి, క్లబ్బు సభ్యులు మూడొందలకి చేరారు.

సూర్యనారాయణ పాత సభ్యుడు. ఒక మంత్రిత్వ శాఖలో అండర్ సెక్రటరీ. మూడేళ్ళుగా ప్రతి ఆదివారం క్లబ్బుకి వెళ్తున్నాడు, సమోసాలు తింటున్నాడు, తుపాకీ మాత్రం ముట్టుకోలేదు. డ్రాఫ్టింగ్ బాగా వచ్చని గౌరవ సంపాదకుడిగానూ, గౌరవ స్కోరరుగానూ పెట్టారు. స్కోరు రాసేది ఆయన భార్య ఆండాళ్. ఎండలో, చలిలో మడతకుర్చీ వేసుకుని, ఎవరు కొట్టారో ఎవరు తప్పారో గీతలు గీసేది ఆవిడ. కింద సంతకం ఆయనది. దేశంలో సగం పని ఇలాగే నడుస్తోంది. పైగా దీనికి గౌరవం అని పేరు.

పోటీ వచ్చే ఆదివారమైతే నివేదిక సోమవారమే ఎలా రాస్తాడని అడక్కండి. సర్కారు ఆఫీసులో మీటింగు కంటే ముందు మినిట్స్ తయారవుతాయి. మంత్రిగారు సంతోషం వ్యక్తం చేశారన్న ప్రకటన ఆయన నిద్ర లేవకముందే టైపవుతుంది. పేర్లూ అంకెలూ తర్వాత మార్చుకుంటారు. మరిచిపోతే మార్చరు.

ఈసారి ముఖ్య అతిథిగా వచ్చేది సూర్యనారాయణ పై అధికారి, జాయింట్ సెక్రటరీ అన్నపూర్ణేశ్వరి. ఆయన ప్రమోషన్ ఫైలు మూడు వారాలుగా ఆవిడ బల్ల మీద పడి ఉంది. అందుకని కలం కాస్త ఎక్కువే నడిచింది. "ప్రసన్నమైన ఎండలో, వేడి వేడి సమోసాల మధ్య" అని మొదలుపెట్టాడు. మేడమ్ స్ఫూర్తిదాయకంగా ప్రసంగించారని రాశాడు. మహిళల పోటీ దగ్గర ఆగాడు. ఆ క్లబ్బులో ఇంతవరకూ ఏ ఆడమనిషీ తుపాకీ పట్టలేదు. ముఖ్య అతిథి ఆడమనిషయ్యాక ఆ గడి ఖాళీగా ఉంటే ఏం బావుంటుంది? తర్వాత చూద్దాంలే అని 'శ్రీమతి ఆండాళ్, 25కి 17, ప్రథమ స్థానం' అని పెట్టాడు. 'ఆమె గురి చూసి ముఖ్య అతిథి కళ్ళు చెమర్చాయి' అని కూడా జోడించాడు.

పురుషుల్లో మొదటి స్థానం కర్నల్ వరప్రసాద్, 24. అందులో అనుమానమేమీ లేదు, ఏటా ఆయనే. రెండో స్థానం ఖాళీగా ఉంది. బయట బస్సు హారన్ కొట్టింది. సూర్యనారాయణ అటూ ఇటూ చూసి తన పేరు రాసుకున్నాడు. 22.

కవరు మీద అలవాటుగా ఎర్ర చీటీ అంటించాడు. 'అత్యవసరం. ఈరోజే.' పాలవాడికి రాసే చీటీకి కూడా అది అంటించే మనిషాయన. ప్రెస్సు త్యాగరాజు పోయిన నెల ఆ చీటీని పట్టించుకోక తిట్లు తిన్నాడు. ఈసారి రోషానికి పోయాడు. ప్రూఫు పంపలేదు, ఫోను చెయ్యలేదు. రాత్రికి రాత్రి అచ్చేసి, మూడొందల కవర్లకీ స్టాంపులంటించి మంగళవారం పోస్టులో పడేశాడు.

గురువారం పొద్దున్న ఆండాళ్ పెనం మీద దోసె వేస్తుండగా తలుపు దబదబ మోగింది. ఎదురింటి అనసూయ, కర్నల్ వరప్రసాద్ భార్య. చేతిలో రసగుల్లాల డబ్బా.

"ఏం ఆండాళ్, ఇంత గుట్టా? గెలిచి కూడా చెప్పవా? మేము పరాయివాళ్ళమా?"

"ఏం గెలిచానమ్మా?"

"అబ్బ, ఏం నటన! పదిహేడు కొట్టావటగా! మా ఆయన చెప్పనే లేదు చూడు. ఈ ఫౌజీ మొగుడితో ఇదే చావు, అన్నీ రహస్యాలే!" అని ఆండాళ్ నోట్లో రసగుల్లా కుక్కి, సొసైటీ ఆడవాళ్ళందరికీ చెప్పాలంటూ మెట్లు దిగిపోయింది.

కూతురు మనీష టేబుల్ మీద ఉన్న పత్రిక తీసి చదివింది. "మమ్మీ, ఆప్ సచ్‌ముచ్ జీత్ గయీ!" మళ్ళీ చదివింది. "లేకిన్ మమ్మీ, ఇందులో డేట్ పన్నెండు ఉంది. వో తో ఇస్ సండే హై. ఇంకా రాని ఆదివారం."

ఆండాళ్ అట్లకాడతోనే బాత్‌రూము తలుపు కొట్టింది. "ఏమండీ, నేను ఎక్కడైనా గెలిచానా?"

"ఎక్కడే?" సబ్బు నురగలోంచి సూర్యనారాయణ.

"మీ క్లబ్బులో. వచ్చే ఆదివారం."

లోపల మగ్గు కిందపడిన చప్పుడైంది.

తల తుడుచుకోకుండానే త్యాగరాజుకి ఫోను చేశాడు. "ప్రూఫు లేకుండా ఎలా వేశావయ్యా?"

"మీరే కదండీ, ఈరోజే అన్నారు? పోయిన నెల వెయ్యలేదని తిట్టారు, ఇప్పుడు వేశానని తిడుతున్నారు. ఎర్ర చీటీకి ఏ రోజు ఏ అర్థమో ముందే రాసివ్వండి, గోడకి అంటించుకుంటాను" అని త్యాగరాజు ఫోను పెట్టేశాడు.

ఆఫీసుకి వెళ్ళేసరికి అన్నపూర్ణేశ్వరి గది నుంచి కబురు. బల్ల మీద ఎడమ పక్క ప్రమోషన్ ఫైలు, కుడి పక్క క్లబ్బు పత్రిక. మధ్యలో ఎర్ర పెన్సిలు.

"కూర్చోండి. నా ప్రసంగం చదివాను. చాలా బాగా మాట్లాడాను."

"మేడమ్, అది డ్రాఫ్టు మాత్రమే…"

"డ్రాఫ్టుకి స్టాంపు అంటించి మూడొందల మందికి పంపరు సూర్యనారాయణగారూ. నా కళ్ళు చెమర్చాయని రాశారు. అమ్మ పోయినప్పుడు తప్ప నేను ఏడవలేదు. అంత గురి ఉన్న మనిషిని చూడాల్సిందే. మీరు కూడా రెండో స్థానం కదా? గొప్ప విషయం. ఆదివారం ఈ కాగితం పట్టుకుని వస్తాను. ఒక్కొక్క లైనూ సరిచూసుకుంటాను." ఫైలు మీద చెయ్యి వేసింది. "ఇది సోమవారం చూస్తాను."

సూర్యనారాయణ గది బయటికొచ్చాడు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు సాసరంత మట్టి బిళ్ళ మీదికి వచ్చి కూర్చుంది.

సాయంత్రం మొదట కర్నల్‌ని పట్టుకున్నాడు. "కర్నల్ సాబ్, స్కోరు షీట్లో పదిహేడు వేసేద్దాం. ఎవరు చూడొచ్చారు?"

"నేను రెండు యుద్ధాలు చూశాను. శత్రువు కూడా నన్ను ఇలాంటిది అడగలేదు" అన్నాడు వరప్రసాద్. "అయినా ఆ షీటు రాసేది మీ ఆవిడే. ఆవిడనే అడగండి. ధైర్యముంటే."

ధైర్యం లేదు గానీ అడిగాడు. ఆండాళ్ బీరకాయ చెక్కు తీస్తోంది. తల ఎత్తలేదు.

"మూడేళ్ళు రాశాను. ఒక్క సంచికలోనూ నా పేరు వెయ్యలేదు మీరు. చెయ్యని పనికి మాత్రం మొదటి బహుమతి ఇచ్చారు. దొంగ లెక్క నేను రాయను. నిజంగా కాలుస్తాను. ఎన్ని పడితే అన్ని."

"నీకు రాదే!"

"మీకు వచ్చా?"



శనివారం పొద్దున్నే ఆండాళ్ క్లబ్బుకి వెళ్ళింది. క్లబ్బులో కర్నల్లు, డైరెక్టర్లు, పెద్ద పెద్ద మీసాలు చాలా ఉన్నాయి. నిజంగా పని తెలిసినవాడు మాత్రం ఒక్కడే. గుంటలో కూర్చుని యంత్రంలో బిళ్ళలు పెట్టే ధర్మయ్య. పాలమూరు నుంచి ఇళ్ళు కట్టే పనికొచ్చి ఇక్కడ తేలాడు. పదేళ్ళుగా లక్ష బిళ్ళలు విసిరి ఉంటాడు. ఏ ఒక్కడూ నీకేం తెలుసని అడిగిన పాపాన పోలేదు.

"అమ్మా, గీ సార్లంతా బిళ్ళ యాడుంటే ఆడ కాలుస్తరు" అన్నాడు ధర్మయ్య, క్లబ్బు తుపాకీ ఆవిడ భుజానికి ఆనించి. "తూటా పొయ్యేసరికి అది ఆడుంటదా? ఉండది. అది యాడికి పోతదో ఆడ కొట్టాలె."

"తెలుసు ధర్మయ్యా. మూడేళ్ళుగా వాళ్ళు తప్పడమే గదా రాస్తున్నాను."

"మరింకేంది? చెంప గట్టిగ ఆనించు, కండ్లు మూయకు. మూస్తే మా సార్ల లెక్కనే అయితది."

నలభై తూటాలు కాల్చింది. మూడు బిళ్ళలు పగిలాయి. భుజం వంకాయ రంగుకి తిరిగింది. ఇంటికి పాట పాడుకుంటూ వచ్చింది.

ఆదివారం పొద్దున్న పొగమంచు. గుంట కనిపిస్తే గుట్ట కనిపించదు. అన్నపూర్ణేశ్వరి కారు దిగి, పత్రిక తీసి, చెవి మీది పెన్సిలు తీసింది. "ప్రసన్నమైన ఎండ. లేదు." ఇంటు పెట్టింది. సమోసా కొరికింది. "వేడిగా ఉంది. ఒకటి నిజమైంది." టిక్కు పెట్టింది. సూర్యనారాయణకి కొంచెం ఊపిరి ఆడింది.

మంచు విడేసరికి పదకొండయింది. అప్పుడే మట్టిరోడ్డు మీద రెండు బస్సులొచ్చాయి. అనసూయ తన సొసైటీ ఆడవాళ్ళని ఎనభై మందిని దింపింది. బంతిపూల దండలు, డప్పు, 'ద్వారక ముద్దుబిడ్డ ఆండాళ్' అని గుడ్డ బ్యానరు. ఒక్కరికీ ఆట తెలియదు. ఉత్సాహానికి ఆట తెలియాలని ఎక్కడుంది?

ఆండాళ్ చీరకొంగు బొడ్లో దోపి, స్వెట్టరు చేతులు మడిచి నిలబడింది. తుపాకీ ఎత్తింది. "వెయ్యి ధర్మయ్యా!"

"మేడమ్, 'పుల్' అనాలి" అన్నాడు వరప్రసాద్.

"నాకు సమజైంది సార్, చాలదా?" అని గుంటలోంచి జవాబొచ్చింది.

ఢాం! బిళ్ళ హాయిగా ఎగిరి గడ్డిలో పడింది. ఎనభై మంది చప్పట్లు, డప్పు.

"అది తప్పిందండీ!" వరప్రసాద్ అరిచాడు.

"తప్పితే ఏం? చప్పుడు ఎంత బాగా వచ్చిందో చూడలేదూ?" అంది అనసూయ మొగుడితో.

అయిదు తప్పాయి. ఆరోది ఎడమకి వంగింది. ఆండాళ్ తుపాకీ దానికంటే ముందుకి తిరిగింది. నారింజ రంగు బిళ్ళ గాల్లో పొడిపొడి అయింది.  ధర్మయ్య గుంటలోంచి తల బయటపెట్టి ఈల వేశాడు. బంతిపూలు తూటాల్లా ఎగిరాయి. మనీష కుర్చీ ఎక్కి "మమ్మీ! మమ్మీ!" అని గొంతు పోయేలా అరిచింది. మొత్తం ఇరవై అయిదులో ఆరు. పోటీలో ఉన్న ఆడమనిషి ఆవిడొక్కతే కాబట్టి మొదటి బహుమతి ఎవరూ కాదనలేరు.

"ప్రథమ స్థానం. టిక్కు" అంది అన్నపూర్ణేశ్వరి. "ఇప్పుడు పురుషుల్లో రెండో స్థానం. రండి సూర్యనారాయణగారూ."

"మేడమ్, నాకు భుజం నొప్పి…"

"కాల్చకముందే? అది కూడా ముందే రాసుకున్నారా?"

తుపాకీ పట్టుకున్నాడు. పై అధికారి చూస్తోంది కాబట్టి "ప్లీజ్ పుల్" అన్నాడు. బిళ్ళ వెళ్ళి, పడి, ఆగిపోయాక తుపాకీ పేలింది. రెండోది, మూడోది, పదోది. ఎనభై మందీ చప్పట్లు కొడుతూనే ఉన్నారు, వాళ్ళకి చప్పుడే లెక్క. ఇరవయ్యోసారి బిళ్ళ ముక్కలుగా బయటికొచ్చింది. సూర్యనారాయణ గాల్లోకి ఎగిరాడు. "కొట్టాను! కొట్టాను మేడమ్!"

"అది గుంటలనే పలిగింది సార్. మీరింక కాల్చనే లేదు" అన్నాడు ధర్మయ్య.

అన్నపూర్ణేశ్వరి కుర్చీలో ముందుకి వంగిపోయింది. భుజాలు ఊగుతున్నాయి. అనసూయ కంగారుగా నీళ్ళు తెచ్చింది. ఆవిడ తల ఎత్తింది. కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుంది. నవ్వి నవ్వి కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"కళ్ళు చెమర్చాయి" అంది పెన్సిలు వెతుక్కుంటూ. "దీనికి రెండు టిక్కులు."

ఆ తర్వాత ఆవిడ రాసిపెట్టిన ప్రసంగం చదవలేదు. పత్రిక మడిచి పక్కన పడేసి, ఆండాళ్ చేతిలో తుపాకీ తీసుకుని, "ధర్మయ్యా, నాక్కూడా ఒకటి వెయ్యి" అంది. సాయంత్రానికి పద్నాలుగు మంది ఆడవాళ్ళు క్లబ్బులో పేర్లు రాయించుకున్నారు. నేర్పడానికి ధర్మయ్యే కావాలని పట్టుబట్టారు. కమిటీ మీసాలు ఏదో గొణిగాయి గానీ, ఎనభై మంది ముందు గట్టిగా అనలేకపోయాయి. ధర్మయ్య గుంటలోంచి బయటికొచ్చి కోచ్ కుర్చీలో కూర్చున్నాడు. గుంటలో బిళ్ళలు పెట్టడానికి గౌరవ సంపాదకుడు దిగాడు.

సోమవారం అన్నపూర్ణేశ్వరి ఫైలు మీద సంతకం పెట్టింది. సూర్యనారాయణకి ప్రమోషన్ వచ్చింది. దాంతోపాటే ప్రణాళికల విభాగానికి బదిలీ కూడా వచ్చింది. 'జరగనివాటిని నమ్మకంగా రాయగల అధికారి. అక్కడ అవసరం' అని ఆవిడ పక్కన రాసింది.

పత్రిక సంపాదకత్వం ఆండాళ్‌కి వచ్చింది. జనవరి సంచిక మొదటి పేజీలో, అన్నిటికంటే పైన, చిన్న పెట్టెలో ఇలా ఉంది: 'సవరణ. గత సంచికలో శ్రీమతి ఆండాళ్ స్కోరు 17 బదులు 6 అనీ, శ్రీ సూర్యనారాయణ స్కోరు 22 బదులు సున్న అనీ చదువుకోగలరు. ఈ సంచికలోని వార్తలు జరిగాకే రాశాం.'