పక్క గది నుంచి వచ్చిన కాల్

ఆ రోజు పొద్దున ఇంట్లో వేసుకున్న పథకం చాలా చిన్నది. పది నుంచి పదకొండు దాకా కోడలి గది తలుపు ఎవరూ తట్టకూడదు. కోడలు ఒక బ్రౌజర్ యాప్ హెల్ప్‌లైన్‌కి ఇంటి నుంచే పనిచేస్తుంది. మూడు నెలల ట్రయల్ ఆ రోజుతో ఆఖరు. ఆ గంటసేపూ సూపర్‌వైజర్ ఆమె కాల్స్ చాటుగా వింటుంది. నచ్చితే ఉద్యోగం ఖాయం, నచ్చకపోతే హెడ్‌సెట్ తిరిగి పంపేయడమే. అందుకని తుమ్ములెక్కువైన మామగారిని అత్తగారు తొమ్మిదిన్నరకే పార్కుకు తరిమేశారు. వాషింగ్ మెషీన్ అప్పటికే తిరుగుతోంది కాబట్టి దాన్ని ఎక్కడికీ పంపలేకపోయారు.

పదీ ఐదుకి అత్తగారి టాబ్లెట్ మొరాయించింది. పేజీని వేలితో పైకి నెడితే కాసేపు ఆలోచించుకుని, ఇష్టమైతే కదులుతోంది. మూడుసార్లు బ్రౌజర్ దానంతటదే మూసుకుపోయింది. మామూలు రోజైతే తీసుకెళ్ళి కోడలి ఒళ్ళో పెట్టేసేవారు. ఇవాళ ఆ తలుపు తట్టడమా? ప్రాణం పోయినా తట్టరు. యాప్‌లోనే ఓ మూల సహాయం నంబరు కనిపిస్తే, సోఫా చివర ముడుచుకుని కూర్చుని ఫోన్ చేశారు. కోడలు ఏదో కంపెనీకి ఫోన్లు మాట్లాడుతుందని ఆవిడకి తెలుసు గానీ, ఆ కంపెనీ పేరు ఎప్పుడూ నోరు తిరగలేదు. రెండుసార్లు లైను మధ్యలో తెగింది. మూడోసారి కలిసింది.

"నమస్కారం. మీకు ఏ విధంగా సహాయపడగలను?"

ఇస్త్రీ చేసి మడతపెట్టినట్టున్న ఆ గొంతు తన కోడలిదని అత్తగారికి తట్టలేదు. "కాస్త మెల్లిగా మాట్లాడమ్మా. పక్క గదిలో మా కోడలికి పరీక్ష జరుగుతోంది," అన్నారు.

కోడలు ఆ గొంతు ఇట్టే గుర్తుపట్టింది. తెలిసినవాళ్ళ కాల్ వస్తే వెంటనే వేరొకరికి మార్చాలన్నది కంపెనీ మొదటి రూలు. ఆమె వేలు ఆ బటన్ మీదికి వెళ్ళింది.

"ఇప్పటికే ఇద్దరు నన్ను మధ్యలో వదిలేశారు తల్లీ. నువ్వైనా ఉంటావా?"

వేలు వెనక్కి వచ్చేసింది. "ఉంటానండి. పైన మూల చిన్న గడిలో ఒక అంకె కనిపిస్తుంది, ఎంతుందో చెప్తారా?"

"రెండొందల పధ్నాలుగు."

"మేడమ్, మీరు అన్ని పేజీలు తెరిచి పెట్టారు. ఆ బరువు మోయలేకే ఆగిపోతోంది. కొన్ని మూసేద్దామా?"

"అమ్మో, వద్దు! అవన్నీ మా కోడలి కోసం తెరిచినవి. మాట్లాడి మాట్లాడి గొంతు పోతోంది పిచ్చిపిల్లకి. గొంతుకి ఏం చెయ్యాలో నలభై పేజీలున్నాయి. కూర్చుని కూర్చుని నడుం పట్టేస్తోంది, దానికో అరవై. మొన్నెవడో ఫోన్లో తిట్టాడు కాబోలు, బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చింది. నాకు తెలీదనుకుంటోంది. అడిగితే ఇంకా బాధపడుతుందని అడగలేదు, ఏం చెయ్యాలా అని చదువుతున్నాను. ఏది మూసినా దాన్ని పట్టించుకోనట్టే ఉంటుందమ్మా నాకు."

హెల్ప్‌లైన్ వాళ్ళిచ్చిన పుస్తకంలో దీనికి జవాబు లేదు. కోడలికి కళ్ళు నిండిపోయాయి. "మీ ఇబ్బందికి చింతిస్తున్నాం మేడమ్," అంది బొంగురుగా.

"చూశావా, నీకూ గొంతు పోయింది! నీ గొంతు వింటే గుర్తొచ్చింది, లైన్లోనే ఉండు."

రెండు నిమిషాలకు గది తలుపు మెల్లగా తెరుచుకుంది. ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, గోరువెచ్చని నీళ్ళ గ్లాసుతో అత్తగారు పిల్లిలా అడుగులేస్తూ లోపలికొచ్చారు. కోడలు కొయ్యబారిపోయింది. అత్తగారు పెదవుల మీద వేలుంచుకుని, తాను నోరు విప్పనని సైగ చేసి, గ్లాసు బల్ల మీద టక్కున పెట్టి వెళ్ళిపోయారు. సరిగ్గా అప్పుడే వాషింగ్ మెషీన్ పని ముగించి నాలుగుసార్లు కూసింది. "ఆఁ, చెప్పు తల్లీ," అన్న మాట కోడలికి హెడ్‌సెట్లో ఒకసారి, తలుపు సందులోంచి ఒకసారి వినిపించింది.

కోడలు నీళ్ళు తాగి, పేజీలన్నిటినీ బుక్‌మార్కుల్లో దాచడం ఓపిగ్గా నేర్పింది. మూసేసినా అవి ఎక్కడికీ పోవని మూడుసార్లు ఒట్టేసినంత పని చేసింది. అవి దాచిన ఫోల్డరుకి ఒక పేరు పెట్టమంటే అత్తగారు "మా పిల్ల" అని పెట్టారు. పేజీలన్నీ మూసి, టాబ్లెట్ ఆపి మళ్ళీ తెరిచాక, తెర వేలు తగలగానే సర్రున జారింది.

కాల్ అయిపోగానే సూపర్‌వైజర్ లైన్లోకి వచ్చింది. "మీ ఇంట్లోనూ, కస్టమర్ ఇంట్లోనూ వాషింగ్ మెషీన్ ఒకేసారి కూసింది. కాల్ చివర కస్టమర్ నొక్కే మార్కు బాగా రావాలని మీవాళ్ళ చేత ఫోన్ చేయించారా?"

"మా అత్తగారే మేడమ్. కానీ నేను చేయించలేదు. కాల్ మార్చాల్సింది, మార్చబుద్ధి కాలేదు. తప్పు నాదే. హెడ్‌సెట్ సాయంత్రం పంపేస్తాను."

"ఉండండి. ఆవిడ నొక్కిన మార్కు ఇప్పుడే వచ్చింది. ఐదుకి ఒకటి."

కోడలు తల బల్లకి ఆనించేసింది. అవతలి నుంచి మాత్రం నవ్వు వినిపించింది.

"మార్కు కోసం ఇంటి మనిషి చేత చేయించుకున్నవాళ్ళెవరూ ఒకటి వేయించుకోరమ్మా. మీ మాట నమ్ముతున్నాను. రూలు తప్పినందుకు ఒక హెచ్చరిక పంపుతాను, దాంతోపాటే ఉద్యోగం ఖాయమైన కాగితం కూడా. మీరు ఆ కాల్ మార్చి ఉంటే ఆ రెండొందల పధ్నాలుగు పేజీలూ నా నెత్తిన పడేవి."

ఉద్యోగం ఖాయమైందంటూ కోడలు పరుగెత్తుకుంటూ వచ్చి అత్తగారిని చుట్టేసుకుంది. ఆవిడ ఆనందం పట్టలేక కళ్ళొత్తుకుని, తర్వాత తన సంగతి మొదలుపెట్టారు. "ఇవాళ హెల్ప్‌లైన్లో ఒక పిల్ల ఎంత ఓపిగ్గా చెప్పిందో! ఒకటి నుంచి ఐదు లోపు నొక్కమంటే ఒకటి నొక్కేశాను, ఫస్ట్ ర్యాంకు. పాపం, ఆ పిల్లని ఇంట్లో బాగా చూసుకుంటారో లేదో."

"ఆ అమ్మాయి నాకు తెలుసు అత్తయ్యా. వాళ్ళ అత్తగారు ప్రాణంలా చూసుకుంటారు. కాకపోతే ఆవిడ టాబ్లెట్లో ఒక్క పేజీ కూడా మూయరట."

"దానికేముంది, ఆవిణ్ణి కూడా ఆ నంబరుకే ఫోన్ చెయ్యమను," అన్నారు అత్తగారు.