చుట్టాల మధ్య వకీలెందుకు?

స్థలం కొనేముందు వకీలును కలవమనేవాళ్ళు మానవ సంబంధాలకు శత్రువులు! నిదానంగా ఆలోచించండి. వకీలు చేసేదేమిటి? అనుమానించడం. అందుకు ఫీజు కూడా పుచ్చుకుంటాడు. ఇరుగుపొరుగుల్ని ఉచితంగా అనుమానించగల మనకు ఈ దండగ దేనికి?

గురునాథరావునే చూడండి. పోర్టులో క్రేన్ ఆపరేటర్. మార్చిలో రిటైర్మెంటు. నెలాఖరుకి క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. ఉక్కు ఫ్యాక్టరీ పుణ్యమా అని ఊరి చుట్టూ ధరలకు రెక్కలొచ్చిన రోజుల్లో, పెందుర్తిలో రెండొందల గజాల స్థలం అతనికి అమ్మాడు మేనత్త కొడుకు దొరబాబు.

గుడ్డిగా కొనలేదు సుమండీ! సిద్ధాంతి చేత ఈశాన్యం చూపించాడు. అరచేతిలో కొబ్బరికాయతో నీళ్ళు కనిపెట్టేవాణ్ణి నాలుగు మూలలా తిప్పించాడు. మట్టి వాసన చూశాడు. భార్య జన్మనక్షత్రం చూశాడు. స్థలం ఎవరిదన్నది తప్ప అన్నీ చూశాడు.

"సీతమ్మధార వకీలుకి ఓపాలి కాగితాలు సూపిద్దుమా?" అంది భార్య గౌరీశ్వరి.

"సూపిస్తే దొరబాబు ఏటనుకుంటాడే? మన పెళ్ళికి పందిరి రాటలు పాతినోడు!"

నిజమే కదా! పందిరి వేసినవాణ్ణి పత్రాలు అడుగుతామా? గురునాథరావు లోపల ఓ చిన్న భయం కదిలింది. అది తన కుసంస్కారమనుకుని సిగ్గుపడి, దాని నోరు నొక్కేశాడు. మనలో చాలామందికి సిగ్గే చట్టం.

పునాది తవ్వుతుంటే అసిరమ్మ అనే ముసలావిడ పట్టా కాగితం పట్టుకొచ్చింది.

"ఇది గవర్నమెంటోలు నాకిచ్చిన బూమి. నువ్వెవులివి బాబూ?"

ఇక వకీలును కలవక తప్పలేదు. పేదలకిచ్చిన భూమిని ఎవరు అమ్మినా, ఎవరు కొన్నా చెల్లదని, స్థలం అసిరమ్మదేనని ఆయన తేల్చేశాడు.

గురునాథరావు పళ్ళు కొరుకుతూ దొరబాబు ఇంటికి వెళ్ళాడు. దొరబాబు అప్పటికే కళ్ళనీళ్ళతో ఉన్నాడు.

"వకీలుకాడికెల్లావంట? నామీద నమ్మకం లేదేటి బావా? ఆ సేత్తోనే పోలీసుల్నీ తేలేకపోయావా!"

ఎంత గాయపడ్డాడో పాపం! గురునాథరావు అతని చేతులు పట్టుకుని క్షమాపణ చెప్పుకున్నాడు. కాఫీ తాగి వచ్చేశాడు.

"ఇంటి తలానికెట్టిన మన డబ్బుల సంగతేటన్నాడు?" పెట్టెలు సర్దుతూ అడిగింది గౌరీశ్వరి.

"ఆడు అలా ఏడుస్తంటే ఎలా అడుగుతానే?"

చూశారా, ఎంత బంధమో! ముందే వకీలును కలిసి ఉంటే ఆ దంపతులకు ఏప్రిల్ ఒకటిన తలదాచుకోడానికి చోటుండేది, సరే. కానీ దొరబాబు దక్కేవాడా?