దిగువపేట నీళ్లు

ఒక పెద్ద అడవి. ఎంత పెద్దదంటే, దానికి ఆరోగ్య శాఖ కూడా ఉండేది. అడవికంతా ఒకటే వాగు. ఎగువన సింహమూ దాని బంధుబలగమూ తాగేవి. మధ్యలో అడవిదున్నలు పొద్దస్తమానం పడి పొర్లేవి. అవి పొర్లగా మిగిలిన నీళ్లు దిగువపేట కుందేళ్లకు.

ఆ పేటలో దుబ్బమ్మ అనే కుందేలు ఉండేది. దాని పిల్ల బుడ్డోడికి విరేచనాలు పట్టుకుని వదలడం లేదు. ముందు పుట్టినవాళ్లంతా ఆ జబ్బుతోనే పోయారు. మిగిలింది వీడొక్కడే.

దుబ్బమ్మ సభకెళ్లి మొరపెట్టుకుంది. "దొరా, దున్నల్ని మా పేట దాటి కిందికెళ్లి పొర్లమనండి. అక్కడ ఎవరూ ఉండరు. మందూ మాకూ ఏమీ వద్దు."

సింహం తన కార్యదర్శి అయిన నక్క వంక చూసింది. నక్క దున్నల వంక చూసింది. దున్నల మద్దతు లేకపోతే సింహం గద్దె దిగాల్సిందే మరి.

"సుస్థిర అభివృద్ధి అంటే తెలుసా నీకు?" అంది నక్క. "పొర్లేవాళ్లను పొర్లేచోటే ఉండనివ్వడం. పైగా నీళ్లు పరీక్షించాం. ఎగువ నీళ్లూ దిగువ నీళ్లూ ఒకటే. తేడా అంతా నీ మనసులో ఉంది."

"తేడా నా బిడ్డ కడుపులో ఉందయ్యా!" అంది దుబ్బమ్మ. వినేదెవరు?

అంతటితో ఊరుకున్నా బాగుండేది. నక్కకు ఉత్సాహం ఎక్కువ. ఆరోగ్యంలో అసమానత తొలగిపోయిందని చాటింపు వేయించి, విజయోత్సవం పెట్టించింది. అదీ ఎక్కడ? దిగువపేటలోనే! సింహం వచ్చింది, దున్నల పెద్ద వచ్చింది, కొంగలు స్వాగతగీతం పాడాయి. నక్క ఆ వాగునీళ్లను తెగ పొగిడింది.

కుందేళ్లకో ఆచారం ఉంది. గడపలోకొచ్చిన అతిథికి ముందు నీళ్లివ్వాలి, అతిథి చుక్క మిగల్చకుండా తాగాలి. తాగకపోతే ఇంటిని వెలివేసినట్టే. ఆ పేటకు పెద్దలెవరూ ఎన్నడూ రాలేదు కనక నక్కకు ఈ సంగతి తెలియదు.

దుబ్బమ్మ మోదుగాకు దొప్ప నిండా వాగునీళ్లు ముంచి తెచ్చింది. బొరియలోంచి బుడ్డోడి మూలుగు వినిపిస్తోంది.

"పుచ్చుకోండి దొరా. ఎగువ నీళ్లూ ఇవీ ఒకటేనట."

సింహం దొప్పలోకి చూసింది. దొప్పలోంచి ఏదో సింహాన్ని చూసింది.

"ఏవయ్యా కార్యదర్శీ?"

"తాగేయండి ప్రభూ, అందరూ చూస్తున్నారు," అంది నక్క గుసగుసగా.

"అయితే ముందు నువ్వు తాగు."

రెండూ తాగాయి. దున్నల పెద్దకీ తప్పలేదు. పాపం, తన ఒంటి బురద రుచి దానికి అప్పుడే తెలిసింది.

పొద్దు వాలేసరికి మూడూ పొదల్లోనే కాపురం పెట్టాయి.

"ప్రభూ," ఒక పొదలోంచి నక్క మూలిగింది, "అసమానత నిజంగానే తొలగిపోయిందండీ."

"నోర్ముయ్! ముందు ఆ దున్నల్ని కిందికి తోలించు!" అని పక్క పొదలోంచి సింహం అరిచింది.

దున్నల పెద్ద అడ్డు చెప్పలేదు. దానికంత తీరిక లేదు.

మర్నాడే దున్నలు పేట దాటి కిందికి పోయాయి. వాగు తేటపడింది. కొన్నాళ్లకు బుడ్డోడు లేచి గరిక కొరికాడు. దుబ్బమ్మ వాణ్ణి గుండెకు హత్తుకుని బావురుమంది.

నీతి: పేదల జబ్బు నయం కావాలంటే, ముందు అది పెద్దలకు పట్టాలి.