గడియారం కోసం మూడు స్విచ్చిలు

"రాత్రంతా ఆ గడియారం ఎవరికోసం వెలుగుతోంది?" అన్నాడు హార్లన్, కాఫీలో చెంచా తిప్పుతూ.

"నాకోసం," అంది వెర్నా. "మెలకువ వచ్చినప్పుడు టైమెంతయిందో తెలియాలి."

"తెలిసి ఏం చేస్తావు? డెబ్బై ఏళ్లొచ్చాయి. ఏ బడికి ఆలస్యమవుతుందని?"

"ఇంకా ఎన్ని గంటలు నీ గురక వినాలో లెక్కేసుకుంటాను."

అది మైక్రోవేవ్ మీద ఆకుపచ్చ అంకెలతో వెలిగే బుల్లి గడియారం. వాళ్లు ప్రతి చలికాలం నెబ్రాస్కా మంచు తప్పించుకుని, చక్రాల మీది ఇల్లులాంటి ఇరవయ్యారు అడుగుల ట్రైలరును పికప్పు వెనక తగిలించుకుని వచ్చి, అరిజోనా ఎడారిలో క్వార్ట్‌సైట్ దగ్గర దిగుతారు. అక్కడ కరెంటు తీగ లేదు, కుళాయి లేదు, పొరుగువాడి గోడ లేదు. కప్పు మీది నాలుగు సోలారు పలకలు పగలంతా బ్యాటరీలు నింపుతాయి. ఆ కరెంటును ఇన్వర్టరు అనే పెట్టె ఇంట్లో సామాన్లకు పనికొచ్చేలా మారుస్తుంది. నాలుగు అంకెలు చూపించడానికి ఆ పెట్టె రాత్రంతా మేలుకుని బ్యాటరీలు తాగేస్తోందని హార్లన్ బాధ.

"ఒక స్విచ్చి పెట్టేస్తా," అన్నాడు. "పడుకోబోయే ముందు తిప్పితే ఇల్లంతా బంద్. గంట పని."

"ఇవాళేనా? ఒంటిగంటకి అక్కావాళ్లు వస్తున్నారు."

"గంట పని అన్నానుగా. ఇంకా ఎనిమిదే అయింది."

అక్క అంటే ఐరిస్. ఆమె, భర్త లొవెల్ యూమాలో ఒక ట్రైలరు పార్కులో ఉంటారు. అక్కడ కరెంటు, నీళ్లు, మంగళవారం తంబోలా, గడ్డి ఎంత ఎత్తుండాలో చెప్పే కమిటీ, అన్నీ ఉన్నాయి. ఐరిస్ పక్కన ఒక చోటు ఖాళీగా ఉంది. చెల్లెలు అందులోకి వచ్చేయాలని ఆమె మూడు చలికాలాలుగా పోరుతోంది. పొద్దున్నే తలుపు తీస్తే కొండలు తప్ప ఎవరూ కనిపించని ఈ చోటును వదులుకోవడం వెర్నాకు ప్రాణం పోయినంత పని. కానీ పోయిన వారం ఫోనులో ఆమె కాస్త నోరు జారింది.

"మాకు ఏ లోటూ లేదక్కా. ఆదివారం ఒంటిగంటకల్లా వేడివేడి భోజనం మీ ముందు పెడతాను, చూడు. పెట్టలేకపోతే వచ్చే ఏడాది మీ పార్కుకే వస్తాం."

"సరే, రాసుకున్నాను," అంది ఐరిస్. ఐరిస్ రాసుకున్నానంటే నిజంగానే రాసుకుంటుంది.

అందుకే వెర్నా ఏడింటికే గొడ్డుమాంసం, ఉల్లిపాయలు, క్యారెట్లు కరెంటు కుండలో వేసి మూత పెట్టింది. సన్నటి సెగ మీద అయిదారు గంటలు ఉడికితే ఆ మాంసం చెంచాకే విడిపోతుంది.

హార్లన్ ట్రైలరు ముందున్న సామాన్ల అర తెరిచాడు. చుట్టుపక్కల దూరదూరంగా దిగే మా ఎడారి జనానికి ఒక జబ్బుంది. ఎవరైనా అర తెరిచి స్క్రూడ్రైవరు పట్టుకున్నారంటే, పిలవకుండానే మడత కుర్చీలు చంకన పెట్టుకుని దిగిపోతాం. ముందు కుర్చీ వేస్తాం, తర్వాత "ఏం చేస్తున్నావు?" అంటాం, జవాబు వినకుండానే "అలా కాదు" అంటాం.

మొదట వచ్చినవాడు ఫెరిస్, రైళ్లలో బ్రేకులు చూసి రిటైరైన మనిషి. "ఒక్క స్విచ్చేనా? ఎండ ఉన్నంతసేపూ పలకల్లోంచి కరెంటు వస్తూనే ఉంటుందయ్యా. దాన్ని ఆపడానికి ఇంకొకటి ఉండాలి. నా దగ్గరుంది, తెస్తానుండు."

తర్వాత ప్లంబరు డోయల్. "నిప్పంటుకుంటే ఏం చేస్తావు? బ్యాటరీ దగ్గర ఒకటి ఉండాల్సిందే. నా దగ్గరా ఉంది."

"నువ్వు ప్లంబరువి కదా?"

"నీళ్లయినా కరెంటయినా, కట్టేయడం తెలిస్తే చాలు."

అలా తొమ్మిదిన్నరకి ఒక చెక్క మీద మూడు ఎర్ర స్విచ్చిలు వరసగా కూర్చున్నాయి. ఒకటి పలకలకు, నడుమది బ్యాటరీకి, మూడోది ఇంటికి. చెక్క ముఖం అరలోంచి బయటికి కనిపిస్తుంది. తీగలు బిగించాల్సింది మాత్రం వెనకనుంచి. అందుకు హార్లన్ మంచం కిందికి బోర్లా పాకాడు. ఏ స్విచ్చి దేనిదో మర్చిపోకుండా అక్కడే ఒక అట్టముక్క మీద బొమ్మ గీసుకున్నాడు.

"కరెంటు ఆపుతున్నా!" అని మంచం కిందనుంచి కేకేశాడు.

"కుండ?"

"అరగంటేలే!"

వెర్నాకు ఖాళీగా కూర్చోవడం చేతకాదు, పేరు లేని వస్తువును చూస్తూ ఊరుకోవడం అంతకన్నా చేతకాదు. ఆ ట్రైలరులో ఉప్పు డబ్బా మీద ఉప్పు అని, దాని మూత మీద ఉప్పు మూత అని చీటీలుంటాయి. చీటీలు అచ్చేసే చిన్న మిషను తెచ్చి, హార్లన్ అట్టముక్క చూసుకుంటూ, మూడు చీటీలు తీసింది. స్విచ్చిల కింద సమానమైన దూరంలో అంటించి, వంకర ఉందేమోనని స్కేలుతో కూడా చూసింది.

పదకొండింటికి పరీక్ష. హార్లన్ మూడూ తిప్పాడు. కుండ దీపం వెలిగింది, గడియారం వెలిగింది, కుర్చీలు చప్పట్లు కొట్టాయి. తర్వాత "ఇల్లు" అని రాసివున్న స్విచ్చి ఆపాడు. గడియారం వెలుగుతూనే ఉంది. అనుమానం వచ్చి "పలకలు" ఆపాడు. గడియారం, కుండ దీపం రెండూ ఆరిపోయాయి.

"తీగలు తారుమారు చేశావు," అన్నాడు ఫెరిస్.

"నేనా? బొమ్మ ప్రకారమే బిగించాను!"

"బొమ్మ సంగతి తర్వాత. ముందు అన్నీ ఆపు."

కుండ మళ్లీ చల్లారడం మొదలైంది. ఫెరిస్ మంచం కింద దూరి తీగలు అటువి ఇటు మార్చి, టోపీ వెతుక్కుంటూ బయటికొచ్చాడు. కరెంటు ఇచ్చేముందు ఒకసారి సరిచూద్దామని హార్లన్ అట్టముక్కతో లోపలికి పాకి, "బొమ్మలో ఇలా లేదే!" అని మళ్లీ మొదటిలాగే బిగించాడు. కరెంటు ఇచ్చారు. "ఇల్లు" ఆపితే గడియారం అలాగే వెలుగుతోంది.

"కరెంటు ఎక్కడో దొంగదారిన వస్తోంది," అన్నాడు డోయల్. అన్నీ ఆపించి, ఈసారి తను దూరాడు, తను మార్చాడు. హార్లన్ మళ్లీ వెళ్లి బొమ్మ ప్రకారం సరిచేశాడు. ఇలా పన్నెండున్నర అయింది. మాంసం సగం ఉడికి, చల్లారి, కొవ్వు తేలింది. కుర్చీలు తొమ్మిదయ్యాయి.

అప్పుడే ఐరిస్ కారు వచ్చి ఆగింది. "ఏంటిదంతా? ఎవరైనా పోయారా?"

"లేదక్కా, చిన్న స్విచ్చి పని," అంది వెర్నా. చేతులు ఖాళీగా ఉంచలేక అట్టముక్క తీసుకుంది. బొమ్మ అంచున హార్లన్ బాణం గీసి "తలుపు" అని రాశాడు. బొమ్మలో తలుపు ఎడమవైపు ఉంది. ఆమె తలెత్తి చూసింది. అర ఎదురుగా నిలబడితే ట్రైలరు తలుపు కుడివైపు ఉంది.

బొమ్మ హార్లన్ వెనకనుంచి గీశాడు. చీటీలు తను ముందునుంచి అంటించింది, అందుకే కుడి ఎడమయింది. తీగలు పొద్దుటినుంచీ సరిగ్గానే ఉన్నాయి. తొమ్మిదిమంది మొగాళ్లు గంటన్నరగా ఆమె చీటీలకు తగ్గట్టు కరెంటును దిద్దుతున్నారు.

ఎవరూ చూడకుండా చీటీలు పీకేద్దామా అని వెర్నా నిజంగానే ఆలోచించింది. అక్క ముందు, ఈ రోజే, తప్పు తనదని చెబితే ఇంకేమైనా ఉందా? ఇంతలో ఫెరిస్ లేచి కుర్చీ మడిచాడు. మా దగ్గర మనిషి కుర్చీ మడిచాడంటే వ్యవహారం ముదిరినట్టే.

"తప్పు నాదేనమ్మా," అన్నాడు టోపీ తీసి. "రెండో స్విచ్చి అన్నది నేను. మీ భోజనం చెడగొట్టాను. ఇకమీదట ఎవరికీ ఏమీ చెప్పను."

"కూర్చో ఫెరిస్," అంది వెర్నా. "తప్పు నాది. మూత మీద కూడా పేరు రాసే మనిషిని, ఏది కుడో ఏది ఎడమో చూసుకోలేదు. అటు చివరి చీటీ ఇటు, ఇటు చివరిది అటు మార్చండి చాలు."

అంతా ఆమెవైపు చూశారు. ఆ చూపుల్లో కోపం లేదు. పేకాట మధ్యలో ముక్కలు లాగేసుకున్నట్టు నిరాశ ఉంది.

"పోనీ, ఒకసారి తీగలు గట్టిగా ఉన్నాయో లేదో చూస్తే?" అన్నాడు ఎవరో, ఆశగా. ఆ ఎవరో లొవెల్. కారు దిగీ దిగగానే మంచి చొక్కాతోనే మంచం కింద దూరాడని అప్పటిదాకా ఎవరూ గమనించలేదు.

మాంసం ఇనప గిన్నెలోకి మారి ఫెరిస్ బొగ్గుల పొయ్యి మీదికెక్కింది. డోయల్ మొక్కజొన్న రొట్టె తెచ్చాడు, ఇంకెవరో చిక్కుళ్లు తెచ్చారు. కుర్చీలన్నీ గుండ్రంగా వేసుకుని తినడం మొదలుపెట్టేసరికి రెండుంబావు.

"రెండుంబావు," అంది ఐరిస్, ఎవరూ అడక్కుండానే. "నేనేమీ అనను. అన్నది నువ్వే."

"అన్నానక్కా," అంది వెర్నా. చుట్టూ ఉన్న కొండల్ని ఒకసారి చూసుకుంది. "మాటంటే మాటే. వచ్చే ఏడాది పార్కుకి వస్తాం."

"ఎవరూ ఎక్కడికీ రావడం లేదు," అన్నాడు లొవెల్.

పెళ్లయిన నలభయ్యేడేళ్లలో ఆయన భార్య మాటకు అడ్డు రావడం ఎవరూ చూడలేదు. ఐరిస్ ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. ఆయన మోచేతులకు దుమ్ము, చొక్కాకు గ్రీజు, ముఖంలో పండగ.

"ఆ పార్కులో పదకొండేళ్లుగా నా చేత ఒక్క మేకు కొట్టనిచ్చినవాడు లేడు. ప్రతిదానికీ కమిటీ! ఇవాళ ఒక్కపూటలో ఇద్దరు నన్ను తిట్టారు, ఒకడు నా స్క్రూడ్రైవరు లాక్కున్నాడు. రేపే మన చోటు ఖాళీ చేస్తామని చెప్పేస్తున్నా. ఇలా కదిలే ట్రైలరు ఒకటి కొంటున్నాం. స్విచ్చిలు నేనే పెడతాను."

"నాకు చెప్పకుండానా?" అంది ఐరిస్.

"ఇప్పుడు చెప్తున్నాగా. చీటీలకి వెర్నా ఎలాగూ పక్కనే ఉంటుంది."

కుర్చీలన్నీ మళ్లీ చప్పట్లు కొట్టాయి. పార్కు తప్పిపోయిందని వెర్నా కూడా రెండు చప్పట్లు కొట్టి, మూడోదానికి ఆగింది.

కనుచూపు మేరా ఖాళీగా ఉన్న ఆ ఎడారిలో చోటు వెతకడానికి లొవెల్ కంచం పట్టుకునే లేచి, వెర్నా తలుపుకి సరిగ్గా ఇరవై అడుగుల దూరంలో బూటుతో గీత గీశాడు.