మర్యాద టేపు

ఆదివారం పొద్దున పిన్నీసమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. పాప లేవకముందే మిషను తుడవాలి. ముందు గదిలో బల్ల మీద ఉతికిన దుప్పటి పరవాలి. గుమ్మం దగ్గర రెండు కుర్చీలు వేసి జనం కోసం ఎదురుచూడాలి. ఆరున్నరకు పేపరు వస్తుంది, పేపరు మడతలో ఆమె కరపత్రం వస్తుంది, అది చదివి జనం వస్తారు. ఇందులో తప్పు జరగడానికి ఎక్కడా సందు కనిపించలేదు. అందుకే ఆమెకు భయం వేసింది. సందు కనిపిస్తే కనీసం అక్కడ కాపలా కాయవచ్చు.

ఎప్పుడు చూసినా పెదాల మధ్య నాలుగు పిన్నీసులు పెట్టుకునే మాట్లాడుతుంది కాబట్టి వీధంతా ఆమెను పిన్నీసమ్మ అంటారు. పొడుగు ప్యాంట్లు కత్తిరించడం, బిగిసిన బట్టలు వదులు చెయ్యడం, ఊడిన జిప్పులు మార్చడం ఆమె పని. పనితనానికి వంక పెట్టేవాళ్ళు లేరు, కానీ ఏడాదిగా వచ్చేది మాత్రం అదే నలుగురైదుగురు. భర్త లారీ ఎక్కితే పది రోజులకు గానీ దిగడు. ఈలోగా ముందు గది మీద మరిది కన్ను పడింది. అందులో ఫోన్ కవర్ల షాపు పెడతానని పట్టుబట్టాడు.

"ఈ రోజుల్లో పేపర్లో పాంప్లెట్ పెడితే ఎవడు చూస్తాడు వదినా? పేపరు విప్పగానే జారి కిందపడుద్ది. దాంతో అద్దాలు తుడుచుకుంటారు. అదే నా ఫోన్లో ఒక్క ఫోటో పెడితే ఊరంతా చూస్తారు!" అన్నాడు.

"చూసి వేలితో పైకి తోసేస్తార్రా," అన్నారు మామగారు. "కాగితం అలాక్కాదు. కిందపడితే వంగి తియ్యాలి. అంత కష్టపడి వంగినవాడు చదవకుండా ఊరుకోడు."

మామగారు ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒక ఆఫీసు రికార్డు గదిలో పనిచేసి రిటైరయ్యారు. కాగితం మీద ఆయనకున్న నమ్మకం కన్నకొడుకుల మీద కూడా లేదు. తగువు ఆయనే తీర్చారు. ఆదివారం సాయంత్రం ఆరు లోపల పదిమంది కొత్తవాళ్ళు బట్టలిచ్చి కొలతలు ఇస్తే గది కోడలిది. లేకపోతే గది చిన్నకొడుకుది, మిషను మెట్ల కిందకి. ఆ మెట్ల కింద పట్టపగలు కూడా సూదిలోకి దారం ఎక్కదు. పాప ఉయ్యాల అసలే పట్టదు. మిషను చప్పుడు వినిపిస్తేనే పాప నిద్రపోతుంది, పాప నిద్రపోతేనే మిషను నడుస్తుంది. ఆ రెంటినీ విడదీస్తే తన బతుకు ఏ పక్కకు కుట్టుకోవాలో పిన్నీసమ్మకు తెలియదు.

అందుకని కరపత్రాన్ని పదకొండుసార్లు రాసింది. ఎనిమిదో తరగతితో ఆగిన చదువు కదా, ఏ ఒత్తు ఎక్కడ ఎగిరిపోతుందోనని బెంగ. కొట్టివేతలతో ఇంట్లో తెల్లకాగితాలన్నీ అయిపోయాయి. చివరికి కొలతల పుస్తకంలోంచి ఒక పేజీ చింపి, దాని వెనక ఉన్న తెల్లని వైపు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి మామగారి చేతికిచ్చింది. ఆయన నేరుగా ప్రెస్సుకు వెళ్ళి వెయ్యి కాపీలు వేయించి, పేపర్లు వేసేవాళ్ళకు అప్పగించి వచ్చారు.

ఆరున్నరకు పేపరు వచ్చి పడింది. పిన్నీసమ్మ కరపత్రం తీసి గుండెలకు హత్తుకుంది.

"బిగుతైన బట్టలు వదులు చేయబడును. వదులైన బట్టలు బిగుతు చేయబడును. జిప్పులు, గుండీలు వెంటనే. మీ కొలతలు మా దగ్గర భద్రం."

ఒక్క ఒత్తు కూడా పోలేదు. సంతోషం పట్టలేక కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. వెనకవైపు కూడా ఆమె అక్షరాలే, అంతే అందంగా అచ్చయి ఉన్నాయి.

"బ్యాంకు మేనేజరు గారు: నడుము ముప్ఫై ఎనిమిది అంటారు. ఊపిరి బిగబడతారు. నలభై రెండు పెట్టాలి. ఆయనతో అనకూడదు.

హెడ్మిస్ట్రెస్ గారు: మర్యాద టేపుతోనే కొలవాలి. అసలు టేపు బయటికి తియ్యకూడదు.

జిమ్ము మాస్టారు: చొక్కా భుజాల్లో దూది. పోయినసారి కుడిపక్క ఎక్కువైంది.

పళ్ళ డాక్టరు గారు: ఎడమ కాలు అర అంగుళం పొట్టి. ఆయనకు తెలియదు. తెలియనివ్వకూడదు."

మనిషి చెప్పే కొలత ఒకటి, మనిషి కొలత ఇంకొకటి. రెండోదానికి కుట్టి మొదటిదానికి తల ఊపడమే దర్జీతనమని కుట్టు నేర్పిన అమ్మమ్మ చెప్పింది. చెప్పడమే కాదు, తను వాడిన టేపు కూడా ఇచ్చి పోయింది. లాగి లాగి సాగిపోయిన ఆ టేపు నలభై రెండంగుళాల నడుములో సుళువుగా నాలుగంగుళాలు మింగేస్తుంది. పిన్నీసమ్మ దానికి మర్యాద టేపు అని పేరు పెట్టుకుంది. చూపించడానికి అది, కుట్టడానికి కొత్త టేపు.

"మామయ్యగారూ! వెనకవైపు కూడా వేయించారే!"

"రెండు వైపులా రాసిచ్చావు, రెండు వైపులా వేయించాను," అన్నారాయన పేపరు మీంచి తల ఎత్తకుండా. "ప్రెస్సువాడు వెనకది కూడానా అన్నాడు. ఉన్నది ఉన్నట్టు వెయ్యమన్నాను. నా సర్వీసులో ఒకవైపు వదిలేసిన కాగితం నా చెయ్యి దాటలేదు."

"మీరు చదవలేదా?"

"రికార్డు గదిలో కూర్చుని చదవడం మొదలెడితే పని సాగుతుందా అమ్మా? అచ్చు చూశాను. బాగా నల్లగా పడింది."

పిన్నీసమ్మ కాలు గాలిన పిల్లిలా గదంతా తిరిగి, నిద్రపోతున్న పాపను చంకనేసుకుని, చేతిసంచీ పట్టుకుని వీధిలోకి పరుగెత్తింది. ఇంకా చాలా గుమ్మాల్లో పేపర్లు పడింది పడినట్టే ఉన్నాయి. ఒక్కొక్క మడతలోంచి కరపత్రం లాగి సంచీలో కుక్కింది. పద్నాలుగు ఇళ్ళు సాఫీగా సాగాయి. పదిహేనో ఇల్లు ఎర్ర గేటు ఆవిడది. ఆవిడ గేటు వెనకే నిలబడి ఉంది.

"ఏంటే పిన్నీసమ్మా, మా పేపర్లో చెయ్యి పెట్టావు?"

"పాపకండీ... కాగితప్పడవలు చేద్దామని..."

ఆవిడ సంచీలోకి తొంగిచూసింది. "ఇన్ని పడవలే! సముద్రం ఏమైనా కొన్నారా ఏంటి?"

ఈలోగా పాప లేచి, సంచీలో చెయ్యి పెట్టి, దొరికినన్ని కాగితాలు గాల్లోకి విసిరింది. ఎర్ర గేటు ఆవిడ వంగి ఒకటి తీసింది. వంగినవాడు చదవకుండా ఊరుకోడన్న మామగారి మాట ఎంత నిజమో పిన్నీసమ్మకు అప్పుడే తెలిసింది. ఆవిడ చదివి, నవ్వి, కొంగు నోట్లో కుక్కుకుని, గోడ మీంచి పక్కింటావిడను పిలిచింది. కరపత్రాలు ఎవరూ చదవరన్న మాట ఆ వీధిలో అప్పటిదాకా నిజమే. కానీ ఎవరో వాటిని ఎత్తుకుపోతున్నారని తెలిస్తే చదవనిదెవరు? పది నిమిషాల్లో వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి వెనకవైపు చదువుతోంది.

ఆమె ఇంటికొచ్చేసరికి మరిది గుమ్మంలో పళ్ళికిలించి నిలబడ్డాడు.

"వదినా, చూసుకున్నావా? పాంప్లెట్లో అడ్రస్సే లేదు! పేరు లేదు, ఫోన్ నెంబరూ లేదు!"

పిన్నీసమ్మ గబగబా కాగితం తిప్పి చూసింది. నిజమే. పదకొండుసార్లు ఒత్తులు చూసుకుంది గానీ ఊరూ పేరూ రాయడం మరిచిపోయింది. ఒక్క క్షణం ఆమె ప్రాణం లేచొచ్చింది.

"అయితే ఇది ఎవరిదో ఎవరికీ తెలీదన్నమాటేగా?"

"తెలిసేది కాదు. నువ్వు ఇల్లిల్లూ తిరిగి చెప్పకపోతే."

ఆమె కుర్చీలో కూలబడింది.

"దిగులు పడకు వదినా. అడ్రస్సు లేని ప్రకటన చూడండహో అని నేను మన వీధి గ్రూపులో ఫోటో కూడా పెట్టా."

"ఏ వైపు పెట్టావయ్యా?"

"నాన్న పెంపకం కదా. రెండు వైపులా పెట్టా."

ఎనిమిదింటికి బ్యాంకు మేనేజరు వచ్చాడు. పొద్దున అతని భార్య కరపత్రం చదివి పళ్ళెంలో వడ్డించినదాంట్లో సగం వెనక్కి తీసేసిందట. ఆ తర్వాత హెడ్మిస్ట్రెస్ వచ్చింది, చేతిలో ఎర్రసిరా కలంతో. కరపత్రంలో తనకు సంబంధించిన వాక్యం కింద అప్పటికే గీత గీసి ఉంది. పళ్ళ డాక్టరు కుంటుకుంటూ వచ్చాడు. నిన్నటిదాకా ఆయన తిన్నగానే నడిచేవాడు. జిమ్ము మాస్టారు రావడం వచ్చాడు గానీ లోపలికి రాలేదు. వెంట ఆరుగురు శిష్యులున్నారు. వాళ్ళు దారి పొడుగునా ఆయన భుజాలు నొక్కి చూస్తూనే ఉన్నారు.

"నాలుగేళ్ళుగా నన్ను మోసం చేస్తున్నావన్నమాట!" అని అరిచాడు మేనేజరు. "ముప్ఫై ఎనిమిదేనండీ అని నా మొహం మీదే అంటున్నావు!"

"బట్టలు మీకు సరిపోయాయి కదండీ..."

"సరిపోయాయి కాబట్టే కదా నేను లావెక్కలేదనుకున్నాను!"

"నాకు ఏ కుంటితనమూ లేదు," అన్నాడు డాక్టరు, గోడ పట్టుకుని. "ఈ కాగితం చదివాకే వచ్చింది."

"మర్యాద టేపంటే ఏమిటి? నాకు అర్థం చెప్పు. సోదాహరణంగా చెప్పు," అంది హెడ్మిస్ట్రెస్.

ఈ కేకలు నాలుగు వీధులకు వినిపించాయి. అడ్రస్సు లేని షాపుకు ఆ కేకలే అడ్రస్సయ్యాయి. వెతుక్కుంటూ వచ్చినవాళ్ళతో గుమ్మం, అరుగు, వీధి నిండిపోయాయి. అందరి చేతుల్లోనూ కరపత్రాలున్నాయి, అందరూ వెనకవైపే పైకి పట్టుకున్నారు.

"కొలువు!" అన్నాడు మేనేజరు చొక్కా పైకెత్తి. "వీళ్ళందరి ముందూ కొలువు. ఈరోజు తేలిపోవాలి."

పిన్నీసమ్మ సొరుగు లాగింది. రెండు టేపులూ పక్కపక్కనే ఉన్నాయి. కొత్తది పసుపుపచ్చగా, పాతది వెలిసిపోయి. నిజం చెప్పేస్తే గొడవ వదిలిపోతుంది. గదీ వదిలిపోతుంది, అది వేరే సంగతి. ఆమె తలెత్తి మేనేజరు మొహంలోకి చూసింది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని ఊపిరి బిగబట్టి ఉన్నాడు. ముక్కు చివర చిన్నగా అదురుతోంది. సూది వేయించుకునే ముందు పాప సరిగ్గా అలాగే ఉంటుంది.

ఆమె పాత టేపు తీసింది. నడుం చుట్టూ తిప్పింది. నోట్లో పిన్నీసులు తీసి అందరికీ వినపడేలా చెప్పింది.

"ముప్ఫై ఎనిమిదండీ."

ఆ టేపు ఏ టేపో అక్కడ తెలియనివాళ్ళు లేరు.

"చూశారా!" అంటూ మేనేజరు ఊపిరి వదిలాడు. వదలగానే ప్యాంటు గుండీ తెగి, ఎగిరి, మిషను చక్రానికి ఠంగుమని తగిలి కిందపడింది. ఎవరూ నవ్వలేదు. పిన్నీసమ్మ గుండీ ఏరి, "దారం పాతదైనట్టుందండీ. ఇప్పుడే కుట్టి ఇస్తాను," అంది.

హెడ్మిస్ట్రెస్ ఎర్రకలానికి మూత పెట్టింది. "ఇటు రామ్మా. నాక్కూడా కొలువు," అని కాస్త గొంతు తగ్గించి, "ఆ టేపుతోనే," అంది.

డాక్టరు గారి రెండు కాళ్ళూ కొలిచి సమానమేనంది పిన్నీసమ్మ. ఆయన గోడ వదిలేసి గది నాలుగు మూలలా తిరిగి చూసుకుని, తిన్నగా నడుచుకుంటూ ఇంటికి వెళ్ళిపోయాడు. అప్పుడు ఎర్ర గేటు ఆవిడ గుంపులోంచి ముందుకు వచ్చింది.

"మా దర్జీ ఉన్నాడే, కొలత తీసి వీధి చివరిదాకా వినపడేట్టు చదువుతాడు. నాలుగు జాకెట్లున్నాయి, తెచ్చుకోనా?"

మధ్యాహ్నానికి కొత్తవాళ్ళు ఆరుగురయ్యారు. మిగతా జనం చూడడానికి వచ్చినవాళ్ళే, కానీ వాళ్ళు కూడా పొట్టలు లోపలికి లాక్కుని నిలబడ్డారు. జిమ్ము శిష్యుల్లో ఇద్దరు దూది సంగతి చెవిలో అడిగారు. అయిదున్నరకు తొమ్మిదోవాడు కొలత ఇచ్చి వెళ్ళాడు. మామగారు తలుపు మీద సుద్దముక్కతో తొమ్మిదో గీత గీశారు.

ఆ తర్వాత ఎవరూ రాలేదు. వీధి ఖాళీ అయింది. ఆరుకు పది నిమిషాలుంది. పిన్నీసమ్మ పాపను ఉయ్యాల్లో వేసి ఒక చేత్తో ఊపుతూ, మెట్ల కింద చీకటిని చూస్తూ కూర్చుంది. మరిది గోడ గడియారం కింద నిలబడి బెల్టు సర్దుకుంటున్నాడు. పొద్దుటినుంచీ ఒక్కొక్కరే నాలుగంగుళాలు తగ్గి వెలిగిపోతున్న మొహాలతో వెళ్ళడం అతను చూస్తూనే ఉన్నాడు.

"వదినా," అన్నాడు చివరికి గొంతు సవరించుకుని. "నాకు ముప్ఫై నాలుగు వస్తుందంటావా?"

"చూస్తే తెలుస్తుంది. రావయ్యా."

అతను వచ్చి నిలబడ్డాడు. ఊపిరి బిగబట్టాడు. "ముప్ఫై నాలుగే," అందామె. అతను మురిసిపోయి, "అయితే ఈ ప్యాంటు కాస్త వదులు చేసి పెట్టు, ఉతికితే బిగిసింది," అంటూ గోడ వార పెట్టుకున్న సంచీలోంచి తీసిచ్చాడు.

మామగారు లేచి తలుపు మీద పదో గీత గీశారు.

"నాన్నా! నేను కొత్తవాణ్ణేంటి?"

"ఇంతకుముందు ఎప్పుడైనా కుట్టించుకున్నావా?"

"లేదు."

"మరి కొత్తవాడివేగా."

"వచ్చినవాళ్ళంతా నా ఫోన్లో చూసి వచ్చారు! కాగితం చూసి కాదు!"

"నీ ఫోన్లో పెట్టింది దేని ఫోటోరా? కాగితానిదేగా," అని మామగారు సుద్దముక్క జేబులో వేసుకున్నారు. గది తగువు అక్కడితో తీరింది.

మర్నాడు ఇంకో వెయ్యి వేయిద్దామన్నారాయన. పిన్నీసమ్మ ఈసారి కొత్త తెల్లకాగితం తెప్పించుకుంది. అన్నిటికన్నా ముందు అడ్రస్సు రాసింది. "మీ కొలతలు మా దగ్గర భద్రం" అన్న వాక్యం రాసి, కాసేపు చూసి, తనే కొట్టేసింది. వెనకవైపు ఖాళీగా ఉందని దీపం దగ్గర మూడుసార్లు తిప్పి చూసుకుని, గుండె నిబ్బరం చేసుకుని మామగారి చేతిలో పెట్టింది.

ఆయన కాగితాన్ని వెనక్కి తిప్పి మొహం చిట్లించారు.

"ఏమ్మా, ఒకవైపే రాస్తే జనం ఏం చదువుతారు?"