పైక్ సిక్లిడ్‌కు సంబంధం చూడబోతే

రేషన్ కార్డున్న ప్రతి ఇంటికీ ఒక పైక్ సిక్లిడ్ చేపను ఉచితంగా ఇవ్వాలని నేను ప్రభుత్వాన్ని డిమాండ్ చేస్తున్నాను. బియ్యం సంగతి తర్వాత చూసుకుందాం. కందిపప్పు ఎలాగూ సరిగా రావడం లేదు. ముందు చేప!

నవ్వకండి. పైక్ సిక్లిడ్ అంటే హోటల్ రిసెప్షన్‌లో బుడగల మధ్య తిరిగే గోల్డ్‌ఫిష్ అనుకున్నారా? ఎక్కడో అమెజాన్ వైపు నదుల్లో పుట్టి, నోట్లో పట్టిన ప్రతిదాన్నీ మింగి, మిగిలిన సమయమంతా చెక్కముక్క వెనకాల దాక్కునే దొర. పక్కన ఇంకో చేపను బతకనివ్వడు. మనం చూద్దామని వెళితే కనిపించడు. ఇంతకంటే మంచి పెంపుడు జీవి ఉంటుందా? కుక్క మొరుగుతుంది, చిలుక ఇంటి గుట్టు వీధికి చెబుతుంది. ఈయన ఇంట్లో ఉన్నాడో లేడో కూడా తెలియదు.

నమ్మకం కుదరకపోతే ప్రొద్దుటూరులో మా వీధిలోని కరీముల్లా సంసారం చూడండి.

కువైట్ నుంచి వచ్చేవాళ్లు దుప్పట్లు, సెంటు సీసాలు తెచ్చుకుంటారు. కరీముల్లా ఈ పిచ్చి తెచ్చుకున్నాడు. అక్కడ ఆయన కారు నడిపిన ఇంట్లో గోడంత అక్వేరియం ఉండేదట. అందులోని పైక్ సిక్లిడ్ ఒకరోజు చెక్క వెనక నుంచి తల బయటపెట్టి ఆయన వైపు చూసిందట. అంతే, మనిషి పడిపోయాడు. ఊరికి తిరిగొచ్చి పరుపుల దుకాణం పెట్టుకున్నాక కూడా ఆ చూపు మరిచిపోలేదు. వెతికి వెతికి, చివరికి చెన్నై నుంచి ఒక మగచేపను తెప్పించి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు.

ఆ చేప అడుగుపెట్టిన వేళావిశేషం చూడండి. ఇంట్లోకి ఏసీ వచ్చింది. ఇన్వర్టర్ వచ్చింది. నీళ్లు శుద్ధిచేసే ఆర్‌ఓ మిషన్ వచ్చింది. మూడూ చేపగారి గదిలోకే వచ్చాయనుకోండి, అయినా ఇంట్లోకి వచ్చినట్టే కదా!

కరీముల్లా భార్య హసీనా ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఆమె కుట్టుమిషను పెరట్లో రేకుల గదిలో ఉంటుంది. మే నెలలో ప్రొద్దుటూరు రేకుల కింద, పక్కన ఇస్త్రీపెట్టె పెట్టుకుని కూర్చోవడం ఆరోగ్యానికి చాలా మంచిది. చెమట పడుతుంది, ఒళ్లు తగ్గుతుంది, జిమ్ ఫీజు మిగులుతుంది. ఈ ప్రయోజనాలు తెలియక హసీనా ఏళ్ల తరబడి ఒక కూలర్ అడుగుతూ వచ్చింది. అడిగినప్పుడల్లా కరీముల్లా ఒకటే మాట అనేవాడు.

"కువైట్ ఎండ చూసినోనికి ఇదొక ఎండనా?"

కువైట్ ఎండ చూసింది ఆయన, ప్రొద్దుటూరు ఎండలో కుట్టేది ఆమె. ఇంత చిన్న తేడాను పెద్దది చేసి మాట్లాడటం ఆమెకు అలవాటు లేదు. అదే మన దాంపత్యాల బలం.

ఇక చేప వల్ల బంధుత్వాలు ఎంత గట్టిపడ్డాయో చెబుతాను. ఎవరింటికైనా ఉత్త చేతులతో పోవడం మనవైపు పద్ధతి కాదు కదా. చేపను చూడటానికి వచ్చిన వాళ్లందరూ అరటిపండ్లు తెచ్చినట్టు కవరులో రెండు బుల్లి చేపలు తెచ్చేవారు. తోడుంటాయని పాపం వాళ్ల ఉద్దేశం. వాళ్లు టీ తాగి లేచేలోపు తోడు చేపలు దొరగారి కడుపులో ఉండేవి. మేత ఖర్చు తగ్గిందని కరీముల్లా, ప్రేమతో తిన్నదని చుట్టాలు, అందరూ సంతోషించారు.

అయితే కరీముల్లాకు ఒక దిగులు పట్టుకుంది. చేపకు జోడు లేదు! ఒంటరిగా ఉంటే రంగు తగ్గుతుందని చేపల వాట్సాప్ గ్రూపులో ఎవరో రాశారు. అన్నం సహించలేదాయనకు. దుకాణానికి వచ్చిన వాళ్లకు పరుపు చూపిస్తూనే ఆడచేప సంగతి అడిగేవాడు.

జమ్మలమడుగులో నారాయణ అనే ఆయన దగ్గర ఉందని తెలిసి పరుగెత్తాడు. నారాయణ బకెట్ చూపించి అన్నాడు. "పొడుగ్గా ఉండాదా, నోరు పెద్దదా, ఒంటిమీద మచ్చలుండాయా? ఇంగేం గావాల మామా నీకు?"

అన్ని లక్షణాలూ కలిశాయి. తెచ్చి, అక్వేరియం మధ్యలో గాజుపలక అడ్డం పెట్టి, ఏసీ ఇంకాస్త చల్లగా పెట్టాడు. ముద్దనూరు నుంచి తల్లి మహబూబ్‌బీ కొత్త కోడలిని చూడటానికి వచ్చింది. అద్దం దగ్గర వంగి చాలాసేపు చూసింది.

"ఇది కొరమీనుగదరా. పులుసు పెట్టేదాన్ని పండుకోబెట్టి ఏసీ ఏసినావా?"

ఆ సంబంధం ఆ మధ్యాహ్నమే పులుసుతో ముగిసింది.

అసలు పిల్ల పులివెందులలో దొరికింది. చీనీ, అంటే బత్తాయి తోటలున్న ఇందిరమ్మ ఇంట్లో. బెంగుళూరులో చదివే కూతురు అమూల్య సరదాపడి తెచ్చిపెట్టి, హాస్టల్‌కు వెళ్లిపోయింది. చేపను పెంచింది ఇందిరమ్మ. కరీముల్లా పండ్లు, స్వీట్లు పట్టుకుని వెళ్లాడు. ఆడచేప చెక్క వెనక నుంచి సిగ్గుపడుతూ వచ్చింది. పొట్ట మీద ఎర్రటి రంగు! కరీముల్లాకు కళ్లు చెమర్చాయి.

ఇందిరమ్మ మాత్రం తొందరపడలేదు. "పిల్లను ఊరికే ఎట్ల పంపిస్తామప్పా. ఇల్లు చూడొద్దా?"

న్యాయమే కదా. ఆడపిల్లవాళ్లు ఇల్లు చూడకుండా ఎవరైనా పిల్లనిస్తారా? మరుసటి ఆదివారం మిట్టమధ్యాహ్నం ఇందిరమ్మ ప్రొద్దుటూరు వచ్చింది. కరీముల్లా ఏసీ చూపించాడు, నీళ్ల వేడి కొలిచే మీటరు చూపించాడు, కరెంటు పోతే ఇన్వర్టర్ ఎలా అందుకుంటుందో మెయిన్ ఆపి మరీ చూపించాడు. ఇందిరమ్మ తృప్తిగా తలాడించి, తాగడానికి నీళ్లడిగింది.

హసీనా పెరట్లో నుంచి వచ్చి నీళ్లిచ్చింది. ఆమె ముఖం చెమటతో తడిసి ఉంది. ఇందిరమ్మ ఒక గుక్క తాగి ఆగిపోయింది.

"ఇయ్యేంది, ఉప్పగుండాయి. ఆ మిషన్ నీళ్లు ల్యావా?"

"అవి చేపకమ్మా," అంది హసీనా మామూలుగా.

ఇందిరమ్మ గ్లాసు కింద పెట్టి, హసీనా వెంట పెరట్లోకి నడిచింది. రేకుల గదిలో నిలబడింది. కొంగుతో మెడ తుడుచుకుంది.

"దీంట్లో ఎన్నాళ్లనుంచి కుడతాండావు?"

"పెండ్లయినప్పటినుంచి."

ఇందిరమ్మ బయటికి వచ్చి చెప్పులు వేసుకుంది. కరీముల్లా కంగారుగా ఎదురొచ్చాడు.

"ఏమన్నా లోటుంటే చెప్పమ్మా, సరిజేస్తా."

"చేపమీద నీకు శానా ప్రేమ ఉండాదిలేప్పా. కొత్తలో అందరికీ ఉంటాది. ఈమెను గూడా కొత్తలో బాగానే చూసుకోనింటావు. పాతబడినాంక మా పిల్లను గూడా ఆ రేకులకిందికి తోయవని ఏం నమ్మకం?"

ఆమె వెళ్లిపోయింది. కరీముల్లా పెరట్లోకి వెళ్లి, హసీనా కుర్చీలో కూర్చున్నాడు. ఆమె ఒక జాకెట్ చేయి కుట్టేంత సేపు కూడా కూర్చోలేకపోయాడు. లేచి వచ్చినప్పుడు ఆయన ముఖంలో సిగ్గు స్పష్టంగా కనిపించింది. కువైట్ మాట మళ్లీ ఎత్తలేదు. ఆ సాయంత్రమే కుట్టుమిషను ఏసీ గదిలోకి చేరింది. ఆర్‌ఓ మిషన్‌కు ఇంకో పైపు తగిలించి వంటింట్లోకి లాగాడు.

పెళ్లాం మీద ప్రేమతో చేశాడా, ఆడచేప మీద ఆశతో చేశాడా అని అడుగుతారు మీరు. హసీనా అడగలేదు. చల్లగా ఉన్న గదిలో అలాంటి ప్రశ్నలు ఎవరికి గుర్తుంటాయి?

కరీముల్లా కబురు పెడితే ఇందిరమ్మ మళ్లీ వచ్చి చూసింది. మిషను దగ్గర హసీనా శాలువా కప్పుకుని కూర్చుని ఉంది. "చలి పెడతాందా?" అని అడిగి, నవ్వి, ఆడచేపను అప్పగించి వెళ్లింది. ఇప్పుడు చేపలు రెండూ బాగున్నాయి, అప్పుడప్పుడూ కొరుక్కుంటున్నా.

కాబట్టి అక్కచెల్లెళ్లారా, ఇంట్లో కూలర్ కావాలని మీ నోటితో అడిగి చులకన కాకండి. ఎన్నేళ్లు అడిగినా అది మనిషి మాటే. వినేవాళ్లు ఉండరు. నోరులేని చేపనొకదాన్ని తెప్పించండి, ఇల్లంతా దాని మాట వింటుంది!

అన్నట్టు, కరీముల్లా చేపల వాట్సాప్ గ్రూపులో నిన్న కొత్త మెంబరు చేరింది. పేరు హసీనా. చేరీ చేరగానే ఒక మెసేజ్ పెట్టింది.

"వంటింట్లో పెట్టుకునే అరుదైన చేపలు ఏమన్నా ఉండాయా? శానా చల్లగా ఉంటేనే బతికే రకమైతే ఇంగా మంచిది."